పంపేవారే కాపలాదారులు: కోనసీమ ఫోన్లలో అక్కర్లేని సందేశాలపై ఒక సమీక్ష

చందాదారు కోరకుండా, ముందుగా సమ్మతి తీసుకోకుండా, సరుకునో సేవనో అమ్మజూపుతూ ఫోనుకు వచ్చే సందేశాన్ని భారత టెలికం నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే వాడుకలో ‘ట్రాయ్’, అయాచిత వాణిజ్య సమాచారంగా లెక్కగడుతుంది. ఈ కోవకు చెందిన సందేశాలన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడడం పరిపాటి అయినా, వాటిలో రెండు రకాలను విడదీసి చూడవలసి ఉంది. ఇళ్లస్థలాలు అమ్మేవారు, అప్పులిచ్చేవారు, కోచింగ్ సెంటర్లవారు టెలికం సంస్థకు రుసుము కట్టి దాని దారిలో పంపించేవి మొదటి రకం. ఆ దారికి యజమాని అయిన టెలికం సంస్థే తన చందాదారులకు స్వయంగా పంపే కొత్త ప్యాకుల, కాలర్ ట్యూన్ల, క్రికెట్ ప్యాకేజీల, యాప్‌ల ప్రకటనలు రెండో రకం. మొదటి రకాన్ని అదుపు చేయడానికి 2007 నుంచి నిబంధన మీద నిబంధన వచ్చింది. రెండో రకం మాత్రం సేవకూ అమ్మకానికీ నడుమ ఉన్న సందులో నేటికీ నిలదొక్కుకొని ఉంది. అదుపు చేయవలసిన సంస్థే పంపే సంస్థ కూడా కావడం ఈ సమస్యకు మూలమనీ, ‘వద్దు’ అని చందాదారు చెప్పుకోవలసిన పద్ధతి పోయి ‘కావాలి’ అని చెప్పినవారికే పంపే పద్ధతి వచ్చేదాకా ఎన్ని సాంకేతిక జల్లెడలు పట్టినా దక్కే ఫలితం సగమేననీ ఈ సమీక్ష వాదం.

గోదావరి పాయల నడుమ ఒదిగి, 2022 ఏప్రిల్ 4న విడి జిల్లాగా ఏర్పడిన కోనసీమలో ఈ ప్రశ్నకు నగరాల్లో లేని బరువు ఉంది. ధవళేశ్వరం బ్యారేజి వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద దిగువకు వచ్చినప్పుడు లంక గ్రామాలు ఆ మూడో హెచ్చరికనూ చూశాయి. హెచ్చరికకూ లంకలోకి నీరు ఎక్కడానికీ మధ్య దొరికే కాస్త వ్యవధిలోనే పశువులను ఏటిగట్టు మీదికి తోలుకోవాలి, బియ్యం మూటలు అటక మీదికి చేర్చాలి, పడవ మాట్లాడుకోవాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తుడిచిపెట్టినప్పుడు పల్లెల్లో మొబైల్ ఫోను అన్నదే లేదు. నేడు అటువంటి కబురు ముందుగా చేరేది ఫోనుకే. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు చెలరేగిన తరువాత జిల్లాలో ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. వాట్సాప్ పనిచేయని అటువంటి కాలంలో, ఇంటర్నెట్ అవసరమే లేకుండా చేరగలిగే ఎస్సెమ్మెస్ ఎంత విలువైన సాధనమో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి గల్ఫ్ వలస తోడవుతుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల నుంచి కువైట్‌కూ దుబాయ్‌కీ పనికి వెళ్లినవారి బ్యాంకు ఖాతాకు ముడిపడిన సిమ్ చాలాచోట్ల ఇంటి దగ్గర తల్లి చేతిలోనో అత్తగారి చేతిలోనో ఉంటుంది. ఓటీపీ, అంటే ఒక్కసారికి మాత్రమే చెల్లే రహస్య సంఖ్య, ఆ ఫోనుకే వస్తుంది కనుక అది చేరకపోతే అక్కడ పంపిన సొమ్ము ఇక్కడ అక్కరకు రాదు. వాడకుండా ఉంచిన సిమ్‌ను 90 రోజుల తరువాత రద్దు చేసే అధికారం సంస్థకు ఉండడం వల్ల, ఆ ఫోనును పెట్టెలో పడేసి మరిచిపోయే వీలు కూడా ఆ కుటుంబాలకు లేదు.

అక్కర్లేని సందేశం చేసే కీడు చిరాకు ఒక్కటే అనుకుంటే పొరపాటు. బటన్ల ఫోనునే తీసుకొని చూస్తే సంగతి తేటపడుతుంది. పాత రకం ఫోన్లలో సందేశాలు దాచుకునే చోటు బహు కొద్ది. కొన్నింటిలో సిమ్ కార్డు మీదనే దాచుకోవాలి, అందులో పట్టేవి పదుల లెక్కలోనే. ఆ చోటు నిండిపోయినప్పుడు తెర మీద ఒక కవరు బొమ్మ మినుకుమినుకుమంటూ ఉంటుంది తప్ప కొత్త సందేశం లోపలికి రాదు. సంస్థ దగ్గర ఉండే సందేశ కేంద్రం దాన్ని కొంత గడువు వరకు మళ్లీ మళ్లీ పంపి చూసి, గడువు తీరగానే వదిలేస్తుంది. అంటే ప్యాకుల ప్రకటనలతో నిండిన ఫోనుకు ధాన్యం డబ్బు ఖాతాలో పడిన కబురు గానీ, ఓటీపీ గానీ, వరద హెచ్చరిక గానీ చేరకపోవచ్చు. ఒక్కొక్క సందేశాన్నీ తెరిచి, మెనూలోకి వెళ్లి, ‘డిలీట్’ నొక్కి, మళ్లీ ‘అవును’ నొక్కి చెరపవలసిన శ్రమ చూపు మందగించిన వృద్ధుల మీద పడుతుంది. ఆ పని చేసిపెట్టేందుకు వారు మనవడు బడి నుంచి వచ్చేదాకా ఆగవలసి వస్తుంది. స్మార్ట్ ఫోను ఉన్నవారికి చోటు కొరత లేకపోయినా, పదింటి అడుగున పడిన పనికివచ్చే సందేశాన్ని చూడక వదిలేసే ప్రమాదం మాత్రం సమానమే.

భాష సంగతి మరీ ముఖ్యం. ఎస్సెమ్మెస్ ప్రమాణం ప్రకారం రోమన్ లిపిలో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి. యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపి వాడితే 70 సంకేతాలకు మించి పట్టవు, పైగా గుణింతపు గుర్తులనూ ఒత్తులనూ కూడా అందులో విడివిడిగా లెక్కిస్తారు. ఒకే విషయాన్ని తెలుగు లిపిలో చెప్పాలంటే రెండు మూడు సందేశాల ఖర్చు అవుతుంది కాబట్టి, పంపేవారు ఇంగ్లీషునో, రోమన్ లిపిలో రాసిన తెలుగునో ఎంచుకుంటారు. తెలుగు మాత్రమే చదవగలిగిన గృహిణికి ఏది బ్యాంకు కబురో, ఏది ప్రకటనో, ఏది మోసమో చూపుతో తేల్చుకునే అవకాశం అక్కడే పోతుంది. అయాచిత సందేశాలపై జరిగిన చర్చల్లో ఈ లిపి సమస్యకు దక్కిన స్థానం చాలా తక్కువ.

ఇన్ని సందేశాలు ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు జవాబు ఖర్చులోనే ఉంది. వాణిజ్య సందేశాన్ని తన చందాదారుకు చేర్చినందుకు ఒక టెలికం సంస్థ మరో సంస్థ నుంచి వసూలు చేసుకోదగిన రుసుముకు ట్రాయ్ పెట్టిన పరిమితి 5 పైసలు. వెయ్యి మందికి పంపితే ఒక్కరు కొన్నా గిట్టుబాటయ్యే వ్యాపారమిది. ఇక టెలికం సంస్థ సొంత చందాదారులకు సొంత దారిలో పంపుకునే ప్రకటనకు ఆ 5 పైసల ప్రసక్తి కూడా ఉండదు. పంపేవారికి ఖర్చు లేనిచోట పంపకుండా ఆగడానికి కారణం కూడా ఉండదు.

ప్రకటన పిలుపులు వద్దనుకునేవారి పట్టికను అమెరికా 2003లో తెరిచింది. భారతదేశంలో ట్రాయ్ 2007 జూన్‌లో తొలి నిబంధనలు తెచ్చి, ఆ ఏడాది అక్టోబరులో అటువంటి జాతీయ పట్టికను ప్రారంభించింది. అందులో నంబరు చేర్చుకున్న తరువాత అమలుకు 45 రోజులు పట్టేది. 2010 డిసెంబరు 1న వచ్చి, 2011 సెప్టెంబరు 27 నుంచి పూర్తిగా అమలైన రెండో విడత నిబంధనలు ఆ గడువును 7 రోజులకు కుదించి, 1909 నంబరు ద్వారా నమోదుకు వీలిచ్చి, రాత్రి 9 నుంచి ఉదయం 9 వరకు ప్రకటనలను నిషేధించి, బ్యాంకింగ్, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం వంటి 7 వర్గాల్లో ఏవి కావాలో ఏవి వద్దో ఎంచుకునే వీలు కల్పించాయి. అదే రోజు నుంచి ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లకు మించి పంపరాదన్న కట్టడి కూడా వచ్చింది. నవంబరు 1 నుంచి దాన్ని 200కు పెంచారు. వ్యాపారిని పట్టుకోలేక మామూలు మనిషి పండగ శుభాకాంక్షలకు లెక్క కట్టిన ఆ నిబంధన వ్యక్తిగత సందేశాలకు వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2012 జులైలో తేల్చింది. నియంత్రణ బరువును తప్పుడు భుజాల మీద మోపిన ఉదాహరణగా అది గుర్తుంచుకోదగినది.

2018 జులై 19 నాటి మూడో విడత నిబంధనలు అంతకుముందు వాటికంటే లోతైనవి. సందేశం పంపే ప్రతి సంస్థా తన పేరునూ, సందేశం పైన కనిపించే ‘హెడర్’ అనే పొట్టి పేరునూ, సందేశపు మూసనూ ముందుగా నమోదు చేసుకోవాలనీ, ఆ నమోదులన్నీ బ్లాక్‌చెయిన్ పద్ధతిలో, అంటే ప్రతులు అన్ని టెలికం సంస్థల దగ్గరా ఉండి ఏ ఒక్కరూ రహస్యంగా దిద్దలేని ఉమ్మడి లెక్కల పద్ధతిలో ఉండాలనీ నిర్దేశించారు. మూసకు సరిపోలని సందేశాన్ని యంత్రమే ఆపేసే ఏర్పాటును 2021 మార్చి 8న ఆరంభించగా, మూసలు సరిగా నమోదు చేయని బ్యాంకుల ఓటీపీలు దేశమంతటా నిలిచిపోయాయి, దాంతో ఆ ఏర్పాటును వారం రోజుల పాటు పక్కన పెట్టవలసి వచ్చింది. జల్లెడ కన్ను చిన్నదైతే గింజ కూడా ఆగిపోతుందని అధికారులకు ఆ రోజు అనుభవమైంది. ఇంత చేసినా 2024 తొలి ఆరు నెలల్లో నమోదు కాని ప్రచారకర్తల మీద 7.9 లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని ట్రాయ్ ప్రకటించింది. నమోదు గడప దాటకుండానే పది అంకెల మామూలు నంబర్ల నుంచి ప్రకటనలు గుప్పించడం అప్పటికి రివాజైపోయింది.

2025 ఫిబ్రవరి 12 నాటి సవరణ ఈ కంతలను పూడ్చే ప్రయత్నం. ఫిర్యాదు చేసే గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది, చర్య తీసుకునే గడువు 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది, 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వచ్చిన నమోదు కాని నంబరుపై చర్య మొదలుపెట్టవలసి ఉంది. వద్దన్నవారి పట్టికలో చేరకపోయినా ఫిర్యాదు చేసే హక్కు చందాదారుకు దక్కింది. ప్రతి ప్రకటనలోనూ వద్దని చెప్పే మార్గం ఉండాలి. ఒకసారి వద్దంటే 90 రోజుల వరకు మళ్లీ సమ్మతి అడగరాదు. సామాన్యుడికి అన్నిటికంటే అక్కరకు వచ్చే మార్పు హెడర్ చివర చేర్చిన అక్షరం. హెడర్ మొదటి అక్షరం ఆ సందేశం ఏ టెలికం సంస్థ దారిలో బయలుదేరిందో, రెండో అక్షరం ఏ సర్కిల్ నుంచి వచ్చిందో చెబుతాయి. ఉభయ తెలుగు రాష్ట్రాలకూ కలిపి నేటికీ ‘ఎ’ అక్షరమే గుర్తు. ఆ తరువాత పంపినవారి పేరు, చివర గీత పక్కన ఒక అక్షరం ఉంటాయి. ‘పి’ ఉంటే ప్రకటన, ‘ఎస్’ ఉంటే సేవా సందేశం, ‘టి’ ఉంటే లావాదేవీ, ‘జి’ ఉంటే ప్రభుత్వ సందేశం. ఇంగ్లీషు వాక్యం చదవలేనివారు కూడా ఈ నాలుగు అక్షరాలను గుర్తుపట్టడం నేర్చుకోగలరు. పొదుపు సంఘాల సమావేశాల్లో నేర్పదగిన విషయమిది.

టెలికం సంస్థల సొంత సందేశాలు చిక్కుపెట్టేది సరిగ్గా ఈ ‘పి’కీ ‘ఎస్’కీ మధ్యనే. రీచార్జి చేసిన సంగతి, గడువు ముగిసే తేదీ, మిగిలిన డేటా చందాదారుకు తెలియవలసినవి. వీటిని పంపడం సంస్థ బాధ్యత కూడా. వీటికి అభ్యంతరం ఎవరికీ లేదు. కానీ గడువు రేపటితో ముగుస్తుందన్న వాక్యం పక్కనే ఇంకాస్త పెద్ద ప్యాకు కొంటే ఓటీటీ సినిమాలు ఉచితమన్న వాక్యాన్ని అతికించినప్పుడు ఆ సందేశం ఏమవుతుంది? సేవా సందేశంలో ప్రకటన కలిస్తే మొత్తాన్నీ ప్రకటనగానే పరిగణించాలన్నది ట్రాయ్ నిబంధనల ఉద్దేశం. అయితే తన సందేశానికి ఏ అక్షరం తగిలించాలో ముందుగా నిర్ణయించేది ఆ సంస్థే, తప్పు జరిగిందంటే ఫిర్యాదు తొలుత వినేదీ ఆ సంస్థే, ఎన్ని ఫిర్యాదులు నిజమని తేలాయో లెక్క అప్పజెప్పేదీ ఆ సంస్థే. లెక్క తప్పుగా చూపితే మొదటిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆపై ప్రతిసారీ 10 లక్షల రూపాయల జరిమానా అని 2025 సవరణ చెబుతున్నప్పటికీ, బయటి వ్యాపారి మీద వచ్చిన ఫిర్యాదును విచారించడంలో సంస్థకు ఉండగల నిష్పక్షపాతం తన సొంత ప్రకటన మీద వచ్చిన ఫిర్యాదును విచారించేటప్పుడు ఉంటుందని నమ్మడం కష్టం. కంచే చేను మేస్తే కాచేదెవరన్న సామెతకు ఇంతకంటే సరైన సందర్భం దొరకదు.

దీనికి ముందుతరం రూపం కాలర్ ట్యూన్ల వ్యవహారం. తెర మీదికి హఠాత్తుగా ఒక పాట ప్రకటన ఎగిరి వచ్చేది; దాన్ని తొలగించుకోవడానికి ‘ఓకే’ నొక్కితే అదే అంగీకారమై నెలనెలా బ్యాలెన్సులో కోత పడేది. ఫోను వాడకం కొత్తగా అలవాటైన వ్యవసాయ కూలీలు, వృద్ధులు ఎక్కువగా నష్టపోయిన పద్ధతి అది. ఇటువంటి అదనపు సేవలకు చందాదారు నుంచి రెండుసార్లు ధ్రువీకరణ తీసుకున్నాకే డబ్బు కోయాలని ట్రాయ్ 2011, 2013 సంవత్సరాల్లో ఆదేశాలిచ్చిన తరువాత, వద్దనుకున్న సేవను ఆపుకునేందుకు 155223 అనే ఉచిత నంబరు అందుబాటులోకి వచ్చిన తరువాత ఆ బాధ చాలావరకు తగ్గింది. ఒక అమ్మకానికి ముందు స్పష్టమైన సమ్మతి తప్పనిసరి చేస్తే అక్రమం తగ్గుతుందన్నది అక్కడ రుజువైంది. ఆ సూత్రాన్ని ప్రకటనకు కూడా వర్తింపజేయకపోవడానికి బలమైన కారణమేదీ కనిపించదు. డేటా అవసరం లేనివారి కోసం మాటలకూ ఎస్సెమ్మెస్‌కూ మాత్రమే పనికివచ్చే వోచర్లు తప్పనిసరిగా అమ్మాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది కానీ, అటువంటి చౌక వోచరు ఉందన్న కబురు ప్రకటనల రూపంలో అంత జోరుగా రాదు. వచ్చేవి ఖరీదైన డేటా ప్యాకుల సందేశాలే. ప్రకటన చందాదారుకు సమాచారమిస్తుందన్న వాదన ఇక్కడ తేలిపోతుంది.

విదేశాల అనుభవం ఈ విషయంలో పనికివస్తుంది. ఐరోపా సమాజం 2002 నాటి ఆదేశంతో ముందస్తు సమ్మతి లేని ప్రకటన సందేశాలను నిషేధించింది. అయితే తన దగ్గర కొన్నవారికి అటువంటి సరుకు గురించే చెప్పుకునేందుకు, ప్రతిసారీ తేలికగా వద్దనే వీలుంటే, వ్యాపారికి కొంత వెసులుబాటు ఇచ్చింది. టెలికం సంస్థలు ఆశ్రయించే సందు కూడా అదే. బ్రిటన్‌లో ఈఈ అనే మొబైల్ సంస్థ 2018లో తన యాప్ వాడమనీ ఫోను మార్చుకోమనీ కోరుతూ 25 లక్షలకు పైగా సందేశాలు సమ్మతి లేని చందాదారులకు పంపి, అవి సేవా సందేశాలేనని వాదించింది. అక్కడి సమాచార కమిషనర్ ఆ వాదనను తోసిపుచ్చి 2019 జూన్‌లో లక్ష పౌండ్ల జరిమానా విధించారు. ఆస్ట్రేలియాలో ఆప్టస్ సంస్థ, వద్దన్నవారికీ ప్రకటనలు పంపినందుకు 2020 జనవరిలో 5,04,000 డాలర్లు కట్టింది. అమెరికాలో 1991 నాటి చట్టం కింద అక్రమంగా వచ్చిన ఒక్కొక్క పిలుపుకూ సందేశానికీ 500 డాలర్లు, తెలిసి చేసినదైతే 1,500 డాలర్ల వరకు బాధితుడే కోర్టులో రాబట్టుకోవచ్చు. భారతదేశంలో జరిమానా ట్రాయ్ నిర్దేశించిన ఖాతాకు వెళ్తుంది తప్ప సందేశం అందుకున్నవారికి పైసా రాదు. బ్రిటన్‌లో ఫిర్యాదు చేయాలంటే వచ్చిన సందేశాన్ని 7726కు ముందుకు పంపితే చాలు. ఇక్కడ 1909కు పంపే ఫిర్యాదులో సందేశపు సారాంశం, హెడర్, తేదీ ఉండాలి. బటన్ల ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ కొట్టి ఆ పని పూర్తిచేయగలిగేవారు పల్లెల్లో కొద్దిమందే.

అయినప్పటికీ ఉన్న మార్గాలను వాడుకోకపోవడం తెలివైన పని కాదు. ఇంగ్లీషులో ‘స్టార్ట్ 0’ అని రాసి 1909కు పంపితే అన్ని వర్గాల ప్రకటనలూ ఆగుతాయి. టెలికం, వినోదం, సమాచార సాంకేతిక రంగాల ప్రకటనలను మాత్రమే ఆపుకునే వీలు కూడా ఉంది. రాయలేనివారు 1909కు ఫోను చేయవచ్చు, స్మార్ట్ ఫోను ఉన్నవారు ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో సందేశాన్ని ఎంచి ఫిర్యాదు చేయవచ్చు. సంస్థ సొంత ప్రకటనలు అప్పటికీ ఆగకపోతే 198కు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్య తప్పక రాసుకొని, సంతృప్తి లేకపోతే 30 రోజుల్లో ఆ సంస్థ అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. ఆ అప్పీలు విభాగం కూడా సంస్థలోదే కనుక అక్కడితో ఆగనవసరం లేదు. టెలికం వివాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16 నాటి తీర్పులో కొట్టివేసింది. కాబట్టి సేవాలోపమనో అనుచిత వ్యాపార విధానమనో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే దారి తెరిచే ఉంది. ఆన్‌లైన్‌లో దాఖలు చేసే వీలుండడంతో రాజోలు నుంచి బస్సెక్కి వెళ్లే ఖర్చు కూడా తగ్గుతుంది. సలహాకు 1915 నంబరుంది.

మోసపు సందేశాల సంగతి వేరే వ్యాసానికి తగిన విషయమే అయినా ఒక్క మాట ఇక్కడ అవసరం. ‘ఈ రాత్రికి మీ సిమ్ ఆగిపోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి’ అని మోసగాడు పంపే సందేశం పనిచేయడానికి కారణం, ‘ఈ రోజే ఆఖరు, వెంటనే రీచార్జి చేయండి’ అన్న తొందరను సంస్థల ప్రకటనలు ఏళ్ల తరబడి జనానికి అలవాటు చేయడమే. అటువంటి సందేశాన్ని 1909కు కాకుండా కేంద్ర టెలికం శాఖ సంచార్ సాథీ వేదికలో 2024 మార్చిలో ప్రారంభించిన ‘చక్షు’లో నమోదు చేయాలి, డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కు ఫోను చేయాలి.

2023 నాటి టెలికం చట్టంలోని 28వ సెక్షన్ ప్రకటన సందేశాలకు ముందస్తు సమ్మతిని నిర్దేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి స్పష్టంగా, నిర్దిష్టంగా, ఎప్పుడైనా వెనక్కు తీసుకోదగినదిగా ఉండాలంటోంది. టెలికం సంస్థలు సొంత ప్రకటనలకు కూడా చందాదారు నుంచి విడిగా సమ్మతి తీసుకోవాలని, సిమ్ కొనేటప్పుడు పెట్టిన సంతకాన్ని అందుకు సమ్మతిగా చూపరాదని, వాటి మీద వచ్చే ఫిర్యాదులను సంస్థ బయటి అధికారి వినాలని ఒక్క ఆదేశం ఇవ్వడానికి ఈ రెండు చట్టాలూ చాలు. అది వచ్చేలోగా జిల్లా యంత్రాంగం చేయదగిన పని ఒకటుంది. 2019 అక్టోబరు 2 నుంచి పనిచేస్తున్న గ్రామ సచివాలయాల్లో కంప్యూటరు తెలిసిన సిబ్బంది ఉన్నారు. వరదల కాలం మొదలయ్యే జూన్‌కు ముందే, లంక గ్రామాల్లోనైనా, ఫోను తెచ్చి చూపినవారి నంబరును అక్కడికక్కడే 1909లో నమోదు చేసి, నిండిన సందేశాల పెట్టెను ఖాళీ చేసి పంపే బాధ్యతను వారికి అప్పగించాలని కోనసీమ కలెక్టరును పాఠకులు వినతిపత్రం ద్వారా కోరవచ్చు. ప్రతి సోమవారం జరిగే అర్జీల కార్యక్రమం అందుకు తగిన వేదిక.